ముప్పై రెండు ప్రశ్నలు, ఒక తాళంచెవి

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తానంటే బయటి ఊళ్లవాళ్లు బడిపిల్లలు రాసుకునే పలకలే అనుకుంటారు. నేను చేరేనాటికే ఆ పని బాగా తగ్గిపోయింది. మేము చేసేది గోడలకు అతికించే పలకరాయి బిళ్లలు. గని నుంచి వచ్చిన రాయిని చీల్చి, మిషను మీద కోసి, కడిగి, ఆరబెట్టి, మోగించి చూసి, పెట్టెల్లో సర్ది, రేవుకు పోయే లారీకి ఎక్కిస్తాం. ఈ వరసలో నేను చేసేది ఏదీ లేదు. నేను ఆఫీసు. అరవై మంది హాజరు, సెలవులు, తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించాల్సిన రిజిస్టర్లు నావి. గిద్దలూరు నుంచి పొద్దున రైలుకు వస్తాను. నా రిజిస్టర్లలో కొట్టివేతలు ఉండవు. ఈ సంగతి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు.

మోగించి చూడడం అంటే ఏమిటో చెప్పాలి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే. పలకరాయి పైకి నున్నగా, నిండుగా కనిపిస్తుంది. లోపల వెంట్రుకంత పగులు ఉంటే కంటికి ఆనదు. తడిపి ఆరబెడితే ఒక్కోసారి పగులు వెంబడి చెమ్మ నల్లగా నిలుస్తుంది, కానీ బిళ్ల బిళ్లకూ అంతసేపు కూర్చునే తీరిక ఎవరికీ లేదు. అందుకని ప్రతి బిళ్లనూ ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి ఒక దెబ్బ కొడతారు. బాగున్నది ఖంగుమంటుంది. పగులున్నది బొంగురుగా పలుకుతుంది. ఖంగుమన్నది కుడివైపు, బొంగురుది ఎడమవైపు.

మా దగ్గర ఈ పని ఒక్క మనిషిదే. దొనకొండ వైపు పల్లె నుంచి వచ్చేది. యాభై అయిదు దాటి ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఒకే బల్ల ముందు, ఒకే పీట మీద కూర్చుంది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను అక్క అంటారు, ఆమె కంటే పెద్దవాళ్లు కూడా. ఆమె కొట్టేది సుత్తితో కాదు, ఒక పాత తాళంచెవితో. జానెడు పొడుగు, పిడి దగ్గర అరిగి మెరుస్తూ ఉండేది. దాని తాళం ఎక్కడుందో ఆమెకే తెలియదు. పని కాగానే కడిగి నడుముకు దోపుకునేది. రాళ్లు అందించడానికి పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఉండేవాళ్లు. ముగ్గురిలో మాట్లాడేది ఆ ఇద్దరే. అక్క మాట్లాడితే చెయ్యి ఆగుతుంది కాబట్టి మాట్లాడేది కాదు.

ఇరవై రెండేళ్లలో ఆమె చేతి మీదుగా పోయిన పెట్టెల గురించి మాట వచ్చింది లేదు. అలాంటిది ఒక వానాకాలంలో, సముద్రం అవతల కొన్నవాళ్ల నుంచి యజమాని ఫోనుకు ఫొటోలు వచ్చాయి. విప్పిన పెట్టెలు, వాటిలో రెండు ముక్కలైన బిళ్లలు. ఒకటి రెండు కాదు. యజమాని ఆ ఫొటోలను వేళ్లతో పెద్దవి చేసి చూశాడు, చిన్నవి చేసి చూశాడు. ఎట్లా చూసినా పగిలే ఉన్నాయి. ఇకమీదట ఓడ ఎక్కకముందే రేవులో తమ మనిషి పెట్టెలు విప్పి చూస్తాడని కొన్నవాళ్లు రాశారు.

యజమానికి ఒక అల్లుడు ఉన్నాడు. హైదరాబాదులో ఎంబీయే చదివి, అక్కడే ఏదో కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూస్తాడు. శ్రీశైలం వచ్చి అటే తిరిగిపోవాల్సిన మనిషి, విషయం విని దోర్నాల మీదుగా మార్కాపురం వచ్చాడు. మామగారి కష్టంలో పాలుపంచుకోవాలన్న తపన నిజంగానే ఉంది, అందులో నాకు అనుమానం లేదు. అతని ల్యాప్‌టాప్‌లో ఒక ఫారం ఉంది. మనిషి పని ఎందుకు చెడిందో తేల్చే ఫారం. ముప్పై రెండు ప్రశ్నలు, ప్రతిదానికీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు. చివరి పేజీలో డబ్బాలు, బాణాలు. బాణాల వెంబడి పోతే రెండే ఊళ్లు వస్తాయి. ఒకటి 'చేతకాదు', రెండోది 'చేయడం లేదు'. మొదటిదైతే నేర్పించాలి. రెండోదైతే హెచ్చరించాలి, తర్వాత తప్పించాలి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసింది నేనే. బాగా కుదిరిందని ఇప్పటికీ అనుకుంటాను.

అల్లుడికి పద్ధతి తెలుసు. ఫారం ఎంత గొప్పదైనా మన దగ్గర వాడేముందు అది నమ్మదగినదో కాదో పరీక్షించాలి అన్నాడు. ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఒకే ఫలితం రావాలి. ఇద్దరు కొలిచినా ఒకే ఫలితం రావాలి. యజమానికి వెంటనే అర్థమయింది. మా దగ్గర ఎలక్ట్రానిక్ కాటా ఉంది, దాన్ని సరిచూసుకోవడానికి ముద్ర వేసిన ఇరవై కిలోల గుండు ఒకటి ఉంది. గుండు పెడితే కాటా ఇరవై చూపించాలి. చూపించకపోతే కాటా తప్పు. ఫారాన్ని కూడా అట్లా చూసుకోమని నాకు అప్పగించాడు. డిగ్రీలో నాది లెక్కలు. ఇరవై ఏళ్లకు ఆ సంగతి ఒకరికి గుర్తొచ్చింది.

మొదట కాపలా మనిషి మీద ప్రయత్నించాను. సోమవారం పొద్దున నింపితే 'చేతకాదు' వచ్చింది. అదే సోమవారం భోజనం చేసి వచ్చి నింపితే 'చేయడం లేదు' వచ్చింది. మనిషి మారలేదు, గేటు మారలేదు. ఆలోచిస్తే, భోజనానికి పోయేటప్పుడు అతను నాకు నమస్కారం పెట్టలేదు. దీనికి విరుగుడుగా ఫారాలన్నీ మధ్యాహ్నం లోపలే నింపాలని నియమం పెట్టాను. ఫారం మీద నమ్మకం కొంత పెరిగింది.

తర్వాత ఇద్దరు కొలిచే పరీక్ష. రెండో మనిషిగా మేస్త్రీని తీసుకున్నాను. కొమరోలు నుంచి రోజూ బస్సుకు వచ్చే మనిషి. పది మంది మీద పది ఫారాలు ఇస్తే అరగంటలో తెచ్చి ఇచ్చాడు. పదింటిలో, ముప్పై రెండు ప్రశ్నలకూ, అందరికీ రెండే మార్కులు. ఇదేందని అడిగాను. ఒకరికి ఒకటి ఎక్కువేస్తే రేపు బస్సులో నా పక్కన ఎవురు కూచుంటారు సార్ అన్నాడు. అతనికీ నాకూ పొంతన కుదరలేదు కాబట్టి, అల్లుడికి ఫోన్ చేసి అడిగి, రెండో మనిషి ఫారాలు కూడా నేనే నింపాను. ఒకసారి నీలం సిరాతో, ఒకసారి నలుపుతో. ఈసారి పొంతన బ్రహ్మాండంగా కుదిరింది.

ఇక మిగిలింది గుండు. కాటాకు గుండు ఉన్నట్టు, ఫారానికి కూడా అందరికీ తెలిసిన ఒక తూకం కావాలి. మంచి పనిమంతురాలని లోకమంతా ఒప్పుకున్న మనిషిని పెట్టి చూడాలి. ఫారం ఆ మనిషిని మంచిది అంటే ఫారం మంచిది. అక్కను మించిన గుండు మా ఫ్యాక్టరీలో లేదు. పైగా ఫొటోల వ్యవహారం కూడా ఆమె బల్ల దగ్గరే తేలాలి. ఒకే దెబ్బకు రెండు పనులూ అవుతాయని నేనే అన్నాను. ఈ తెలివి నాదే, అల్లుడిది కాదు.

ఫారంలో పదకొండో ప్రశ్న ముఖ్యమైనది. మనిషిని పక్కకు పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి ఆ పని చేయిస్తే చేయగలదా? అక్కను ఆఫీసు గదిలోకి పిలిచాను. తలుపు వేశాను. అల్లుడు కూడా ఉన్నాడు. ముందే చూసి పెట్టుకున్న ఇరవై బిళ్లలు బల్ల మీద పెట్టాను. అయిదు పగిలినవి, పదిహేను మంచివి. ఆమె కుర్చీలో కూర్చోలేదు, కింద కూర్చుంది. నడుము నుంచి తాళంచెవి తీసింది. టీ చల్లారేలోపు అయిపోయింది. ఎడమవైపు ఆరు పెట్టింది.

అయిదే ఉన్నాయక్కా అన్నాను. ఆమె ఆరోదాన్ని వేరుగా జరిపింది. అల్లుడు దాన్ని తడిపి కిటికీలో పెట్టాడు. కాసేపటికి బిళ్లంతా ఆరింది. ఒక మూల నుంచి మధ్య దాకా సన్నగా నల్ల గీత మిగిలింది. నేను పదకొండో ప్రశ్నకు మూడు మార్కులు వేశాను. పని వచ్చు, సందేహం లేదు. అంటే 'చేతకాదు' అన్న బాణం అక్కడితో మూసుకుపోయింది.

మిగతా ప్రశ్నలు వరసగా చదువుతూ పోయాను. పనివేళలు పాటిస్తుందా? దీనికి మేస్త్రీ ముందే చెప్పాడు. ఈ మధ్య అక్క పొద్దుటి పూటంతా రాళ్లు పేర్చుకుంటూ కూర్చుని, భోజనం గంట కొట్టాక, అందరూ లేచి పోయాక మొదలుపెడుతోందట. అన్నం మూడు గంటలకు తింటోందట. సున్నా వేశాను. ఇరవై ఏడో ప్రశ్న: జరిగిన తప్పుకు కారణాన్ని తనలో కాక బయట చూపిస్తుందా? నేను అడిగాను, పగిలినవి ఎట్లా పోయినాయి అక్కా పెట్టెల్లోకి అని.

"ఆడ ఇనపడదు నాయనా," అంది. "ఆ ఫ్యాను పెట్టినప్పుట్నించి రాయి పలికేది ఇనపడదు. ఈడ ఇనపడతాంది."

ఫ్యాను అంటే దుమ్ము లాగే మిషను. రాయి కోసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని తనిఖీకి వచ్చిన అధికారి గట్టిగా చెప్పి పోతే, ఎండాకాలం మొదట్లో పెట్టించాం. మనిషి ఎత్తు గొట్టం, దాని వెనక పెద్ద ఫ్యాను. మంచి మిషను, దగ్గులు తగ్గాయి. ఎక్కడ పెట్టాలన్నది నేనే గీసి ఇచ్చాను. కరెంటు బోర్డు మోగించే బల్ల పక్కనే ఉంది, వైరు లాగే పని ఉండదని అక్కడ పెట్టించాను. బల్లకూ దానికీ రెండు అడుగులు.

నేను ఇరవై ఏడో ప్రశ్న పక్కన 'అవును' అని టిక్కు పెట్టాను. దాని కింద ఒక గీత ఖాళీ ఉంటుంది, ఉద్యోగి చెప్పింది ఉన్నదున్నట్టు రాయడానికి. 'ఫ్యాను చప్పుడు వల్ల రాయి మోత వినపడదని అంటోంది' అని రాశాను. గుండ్రంగా, కొట్టివేత లేకుండా. బయట కారణం చూపినందుకు మూడు మార్కులు తగ్గాయి. కూడి చూస్తే బాణం నేరుగా 'చేయడం లేదు' దగ్గరికి పోయింది.

పదిహేను రోజులకు అదే ఫారం మళ్లీ నింపాను. మళ్లీ ఇరవై బిళ్లలు, మళ్లీ ఒక్కటి పొల్లుపోలేదు. ఇరవై ఏడో ప్రశ్నకు అదే జవాబు, దాదాపు అవే మాటలు. నేనూ అదే వాక్యం రాశాను. రెండు ఫారాలకూ ఒక్క మార్కు తేడా లేదు. నేను చూసిన ఫారాల్లో అంత కచ్చితంగా కుదిరిన జత ఇంకొకటి లేదు.

ఆ రాత్రంతా కాదుగానీ, రైల్లో కంభం దాకా దీని గురించే ఆలోచించాను. గుండు పెడితే కాటా ఇరవై చూపించలేదు. మామూలుగా అయితే కాటా తప్పు అనాలి. నేను రిపోర్టులో ఇట్లా రాశాను: ఇరవై రెండేళ్ల పేరున్న మనిషిలోని లోపాన్ని కూడా మొహమాటం లేకుండా బయటపెట్టింది కాబట్టి ఈ ఫారం నిష్పక్షపాతమైనది, నమ్మదగినది. అల్లుడు ఈ వాక్యాన్ని తన కంపెనీలో కూడా చూపించాడట. యజమాని మాత్రం చదివి, గుండే అరిగిపోయిందంటావా అన్నాడు. ఫారం అట్లా అంటోందండీ అన్నాను.

పద్ధతి ప్రకారం హెచ్చరిక ఉత్తరం తోటివారి సమక్షంలో చదవాలి. పొద్దున పని మొదలయ్యే వేళకు షెడ్డులో అందరినీ నిలబెట్టి చదివాను. ఫ్యాను తిరుగుతోంది. గొంతు పెంచాల్సి వచ్చింది. సగంలో అక్క చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏమంటాండావు నాయనా అని అడిగింది. 'పని పట్ల శ్రద్ధ లేకపోవడం' అన్న ముక్కను మళ్లీ అరిచి చెప్పాను. రాళ్లు అందించే ఇద్దరూ తల దించుకున్నారు. అక్క ఉత్తరం తీసుకుని, నేను చూపించిన చోట సంతకం పెట్టింది. ఇరవై రెండేళ్లు కూర్చున్న పీటను పక్కకు జరిపి, ఉత్తరంలో ఉన్నట్టే బయట రాళ్లు కడిగే తొట్టి దగ్గరికి పోయింది. ఆమె మోగించిన పెట్టెల మీద ఇంకో ఫొటో వస్తే ఆ తొట్టి దగ్గర కూడా ఉండదని ఉత్తరంలో ఉంది. అది నేను అరవలేదు, మామూలు గొంతుతో చదివాను.

బల్ల దగ్గర రాళ్లు అందించే ఇద్దరిలో ఒకామెను కూర్చోబెట్టాం. ఆఫీసు గదిలో పరీక్ష పెడితే ఇరవైకి పద్దెనిమిది చెప్పింది. వారానికి రేవు నుంచి ఫొటోలు వచ్చాయి, వెనకటి కంటే ఎక్కువ. ఫారం నింపాను. 'చేయడం లేదు.' ఆమెను దించి రెండో ఆమెను కూర్చోబెట్టాం. ఆమె గదిలో ఇరవైకి పంతొమ్మిది చెప్పింది. ఫొటోలు వచ్చాయి. ఫారం నింపాను. 'చేయడం లేదు.' మూడు నెలల్లో ఒకే బల్ల మీద ముగ్గురు ఆడవాళ్లకు వరసగా శ్రద్ధ పోయింది. మనుషుల్లో ఇంత బద్ధకం పేరుకుపోయి ఉందని ఫారం లేకపోతే తెలిసేదే కాదని అల్లుడితో అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ ఇద్దరూ కూడా ఇరవై ఏడో ప్రశ్నకు ఫ్యాను పేరే చెప్పారు. ముగ్గురూ ఒకే సాకు చెప్తున్నారంటే మాట్లాడుకుని ఉంటారని రాశాను.

కార్తీకం వెళ్లాక ఒక రోజు, పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. లైను మీద ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని, సాయంత్రం దాకా రాదని కబురు వచ్చింది. జనరేటర్ ఆఫీసుకు మాత్రమే. షెడ్డులో మిషన్లు అన్నీ ఆగిపోయాయి, ఫ్యాను కూడా. జనం నీడకు చేరారు. నేను హాజరు పుస్తకం పట్టుకుని బయటికి వచ్చాను, ఇదే అదనుగా ఎవరైనా ఇంటికి జారుకున్నారేమో చూడడానికి.

అప్పుడు వినపడింది. ఖంగు. కాసేపు ఆగి, ఖంగు. ఇంకోటి. తర్వాత ఒక బొంగురుది.

తొట్టి దగ్గర అక్క కూర్చుని ఉంది. చీర చెంగు తడిసి మోకాళ్లకు అతుక్కుని ఉంది. కడిగిన రాళ్లను ఒక్కొక్కటిగా తీసి తాళంచెవితో కొట్టి చూస్తోంది. కుడివైపు ఒక దొంతి, ఎడమవైపు ఒక చిన్న దొంతి. అది ఆమె పని కాదు. ఎవరూ చెప్పలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి, నిశ్శబ్దంగా ఉంది, అందుకని చేస్తోంది. నేను ఇరవై గజాల దూరంలో ఉన్నాను. ఆ దూరం నుంచి నాకే తేడా తెలుస్తోంది. ఖంగుమన్నది ఏదో, బొంగురుది ఏదో, పలకరాయి గురించి ఏమీ తెలియని నాకు.

సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చింది. ఫ్యాను లేచింది. నేను షెడ్డులోకి పోయి, బల్ల ముందు పీట మీద కూర్చున్నాను. ఆఫీసు తాళంచెవి నా జేబులో ఉంది. ఎడమవైపు దొంతిలో నుంచి తెచ్చిన ఒక బిళ్ల, కుడివైపు నుంచి తెచ్చిన ఒక బిళ్ల, రెండూ కొట్టాను. ఏమీ లేదు. గట్టిగా కొట్టాను. చెవి దగ్గర పెట్టుకుని కొట్టాను. చేతి వేళ్లకు అదురు తెలిసింది గానీ మోత రాలేదు. మేస్త్రీ దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం బస్సులో నా గురించి ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు.

ఆఫీసులోకి పోయి అక్క ఫారాలు రెండూ తీశాను. పనివేళలు పాటించదు, సున్నా. భోజనం గంటలో మిషన్లు ఆగుతాయి, అప్పుడు మోత వినపడుతుంది, అందుకే అన్నం ఆలస్యం చేసుకుని ఆ గంటలో చేసింది. ఆ గంటలో అయినన్ని బాగా అయ్యాయి, మిగతావి వినపడకుండా పోయాయి. దానికి నేను సున్నా వేశాను. కింద ఇరవై ఏడో ప్రశ్న. నా గుండ్రటి అక్షరాలు. రెండు ఫారాల్లో ఒకే వాక్యం. నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గు వేసిందంటే ఫారాలను బల్ల మీద బోర్లించి పెట్టాను, గదిలో ఎవరూ లేకపోయినా.

మర్నాడు తొట్టి దగ్గరికి పోయాను. ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. ఫ్యాను దగ్గర కూర్చుంటే రాయి మోత వినపడదక్కా, నేను నిన్న కొట్టి చూశాను అని, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు చెప్పాను. ఆమె చేతిలో రాయి కడగడం ఆపలేదు.

"చెప్తి గదా నాయనా," అంది. "నువ్వు రాసుకొంటివి గూడా."

కోపంగా అనలేదు. నేను మర్చిపోయానేమోనని గుర్తుచేసినట్టు అంది. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

యజమానికి చెప్పాను. ఆయన, ఫ్యాను ఎవరు పెట్టమన్నారక్కడ అని అడిగాడు. నేనేనండీ అన్నాను. మూడు నెలల నుంచి ఫారం ఎవరు నింపుతున్నారు అన్నాడు. నేనేనండీ అన్నాను. నీ మీద ఎవరన్నా నింపినారా అన్నాడు. లేదండీ అన్నాను. ఫ్యానును షెడ్డు అవతలి గోడకు మార్చాలని, ఎలక్ట్రీషియన్ సోమవారం వస్తాడని తేలింది. వైరు ముప్పై అడుగులు పడుతుందన్నారు. అల్లుడు ఫోనులో అంతా విని, చాలా విలువైన అనుభవం అన్నాడు. ఫారంలో ముప్పై మూడో ప్రశ్న చేర్చాడు: పనిచేసే చోట శబ్దం ఉందా?

అక్కను మళ్లీ బల్ల దగ్గరికి వేస్తూ ఒక ఉత్తరం రాసి తీసుకుపోయాను. 'యాంత్రిక శబ్ద కారణాల రీత్యా మునుపటి హెచ్చరికను ఉపసంహరించడమైనది' అని. ఆమె చేతులు తుడుచుకుని తీసుకుంది. చూసి తిరిగి ఇచ్చేసింది. లేచి రాలేదు. సంతకం ఎక్కడ అని కూడా అడగలేదు.

ఏంది అక్కా, ఇంకేం రాయాలి అన్నాను.

"మా చర్చి సంఘంలో ఒకరి మీద కానిమాట అంటే, ఆదివారం అందరి ముందర నిలబడి ఒప్పుకోవాల," అంది. "నువ్వు అందరి ముందర సదివినావు. ఇది గూడా అందరి ముందర సదువు. ఫ్యాను ఆపి సదువు. ఇనపడాల."

ఇట్లాంటిదానికి మా దగ్గర పద్ధతి ఏమీ లేదు. హెచ్చరికను అందరి ముందు చదవాలని ఉంది గానీ, ఉపసంహరణను చదవాలని ఎక్కడా లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఎందుకో మింగేశాను. ఆఫీసులోకి పోయి ఉత్తరం మళ్లీ రాశాను. రెండోసారి కూడా 'పొరపాటు జరిగినట్లు తెలియవచ్చినందున' అని వచ్చింది, చింపేశాను. మూడోసారి రాసినదాంట్లో మూడు కొట్టివేతలు ఉన్నాయి. తిరగరాయలేదు.

శనివారం పొద్దున అందరినీ షెడ్డులో నిలబెట్టాను. యజమాని కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఎవరూ అడక్కముందే నేనే పోయి ఫ్యాను స్విచ్చి ఆపాను. అది తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి ఆగేదాకా అందరం చూస్తూ నిలబడ్డాం. తర్వాత చదివాను. అరవాల్సిన పని లేకపోయింది.

"అక్కకు పని మీద శ్రద్ధ లేదని నేను ఈ చోటనే చదివినాను. అది తప్పు. ఫ్యాను వల్ల రాయి మోత వినపడదని ఆమె రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నేను రాసుకున్నాను. ఆమె మాట వినలేదు. ఫ్యాను అక్కడ పెట్టించింది నేను. ఆమె తర్వాత ఈ బల్ల మీద కూర్చున్న ఇద్దరి మీద రాసింది కూడా తప్పే."

అంతే రాశాను. చదివి కాగితం మడిచాను.

అక్క గుంపులో నుంచి వచ్చి నా చేతిలోని కాగితం తీసుకుని, రవికలో పెట్టుకుంది. పీటను తన చోటికి లాక్కుని కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్లూ ఇదివరకు ఎట్లా ఉండేవాళ్లో అట్లాగే అటొకరు ఇటొకరు చేరారు. ఆమె నడుము నుంచి తాళంచెవి తీసింది. ఫ్యాను వేయమని ఎవరూ అనలేదు, నేనూ వేయలేదు. మొదటి రాయి కొట్టి కుడివైపు పెట్టింది. రెండోది కుడివైపు పెట్టింది. మూడోది కొట్టినప్పుడు, గేటు దగ్గర కాపలా మనిషితో సహా అరవై మందికీ ఆ బొంగురు వినపడింది. ఆమె తల ఎత్తి నా వైపు ఒకసారి చూసి, ఆ రాయిని ఎడమవైపు పెట్టింది.